లస్ట్, కాషన్ (చిత్రం ముగింపు)

ఆంగ్ లీ దర్శకత్వంలో 2007లో వచ్చిన చైనీస్ గూఢచారి చిత్రం 'లస్ట్, కాషన్'. ఐలీన్ చాంగ్ 1979లో ప్రచురించిన కథ దీనికి ఆధారం. వెనిస్ చిత్రోత్సవంలో గోల్డెన్ లయన్ పురస్కారం పొందింది.

కథాంశం: 1942లో జపాన్ ఆక్రమణలో ఉన్న షాంఘై. జపాన్ అనుకూల ప్రభుత్వంలో రహస్య పోలీసు విభాగాధిపతి యీ (టోనీ లియుంగ్)ని హత్యకు చిక్కించడానికి ప్రతిఘటన దళం వాంగ్ జియాజి (టాంగ్ వీ)ని అతని ప్రేయసిగా పంపుతుంది.

ముగింపు: నగల దుకాణంలో యీ తనకు వజ్రపుటుంగరం తొడిగించిన క్షణంలో ఆమె మనసు మారుతుంది. వెళ్ళిపొమ్మని మెల్లగా హెచ్చరించగానే అతను పరుగున తప్పించుకుంటాడు. దుస్తుల్లో దాచిన విషపు మాత్రను ఆమె మింగదు. దళం మొత్తం పట్టుబడుతుంది. మరణశిక్ష ఉత్తర్వుపై యీయే సంతకం చేస్తాడు. రాళ్ళ క్వారీ అంచున సహచరులతో పాటు ఆమెనూ చంపేస్తారు. తన ఇంట్లో ఆమె బస చేసిన గదిలోని ఖాళీ మంచంపై యీ ఒంటరిగా కూర్చుంటాడు.

ప్రాముఖ్యం: వాంగ్ చేసింది ద్రోహమా, ప్రేమా అన్నది చిత్రం తేల్చదు. బతికి బయటపడిన యీని కూడా విజేతగా చూపదు. 1939లో జపాన్ అనుకూల రహస్య పోలీసు అధిపతి డింగ్ మోత్సున్ హత్యకు విఫలయత్నం చేసి, ప్రాణాలు కోల్పోయిన చైనా గూఢచారిణి జెంగ్ పింగ్రు ఉదంతంతో ఈ కథను పలువురు పోల్చారు.