బళ్లారి వాదంలో ఆధారాలు: ఏ పాఠం, ఏ ఏడాది, ఏ సరిహద్దు

బళ్లారి తెలుగువారికి దక్కాల్సిన ప్రాంతమని వాదించేవారు ముందుగా చూపే ఆధారం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదిక. ఫజల్ అలీ అధ్యక్షుడుగా, కుంజ్రూ, పణిక్కర్ సభ్యులుగా ఉన్న ఆ సంఘం 1955 సెప్టెంబరు 30న నివేదిక సమర్పించింది. బళ్లారి, సిరుగుప్ప, హోస్పేట తాలూకాలనూ మల్లాపురం ఉపతాలూకాలో కొంత భాగాన్నీ మైసూరు నుంచి ఆంధ్రకు మార్చమని అందులో సిఫారసు చేసిన మాట నిజం. కేంద్రం దాన్ని అమలు చేయలేదన్నదీ నిజమే. చిక్కంతా ఈ రెండు నిజాలను పక్కపక్కన పెట్టి మూడో మాట తేల్చడంలో ఉంది: "కాబట్టి అది తెలుగు ప్రాంతమని సంఘమే ఒప్పుకుంది."

ఈ మూడో మాటకు నివేదికలో బలం తక్కువ. సంఘం అక్కడ ప్రధానంగా ఆలోచించింది తుంగభద్ర గురించి. ఆనకట్ట, కాలువల తలభాగం ఒక రాష్ట్రంలో, వాటి నీటి కోసం ఎదురుచూసే రాయలసీమ మరో రాష్ట్రంలో ఉండటం పాలనకు ఇబ్బంది అన్నది ఆ సిఫారసుకు వెన్నెముక. బళ్లారికి ఆంధ్ర ప్రాంతంతో ఉన్న ఆర్థిక సంబంధాలూ లెక్కలోకి వచ్చాయి. సరిహద్దుకు భాష ఒక్కటే కొలబద్ద కారాదన్నది ఆ నివేదిక మొత్తానికీ ప్రాతిపదిక. అలాంటి నివేదికను భాషావాదానికి సాక్షిగా నిలబెడితే, సాక్షి చెప్పని మాటను అతని నోట పెట్టినట్టే. సిఫారసును ఉదహరించి కారణాన్ని వదిలేయడాన్ని నేను సగం ఉల్లేఖనగానే లెక్కిస్తాను.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటుంది. "బళ్లారి జిల్లా" అని ఒక గ్రంథంలో కనబడగానే మన కళ్లముందు ఈనాటి పటం కదులుతుంది. పాత గ్రంథకర్త ముందున్న పటం అది కాదు. 1800లో నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి వచ్చిన దత్తమండలాలు థామస్ మన్రో కలెక్టరుగా ఉన్నంతకాలం ఒకే పాలన కింద నడిచాయి. 1808లో వాటిని బళ్లారి, కడప జిల్లాలుగా విడదీశారు. 1882లో అనంతపురం వేరుపడేదాకా ఆ ప్రాంతం కూడా బళ్లారి జిల్లాయే. అందుచేత 1872లో జాన్ కెల్సాల్ రాసిన బళ్లారి జిల్లా మాన్యువల్లో జిల్లా మొత్తానికి వర్తించే వాక్యం ఏది తీసుకున్నా అందులో అనంతపురం కలిసే ఉంటుంది. 1904 నాటి ఫ్రాన్సిస్ బళ్లారి జిల్లా గెజెటీరుకు వస్తే అనంతపురం పోయింది కాని ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఉన్నాయి. ఆ మూడు తాలూకాల పేర్లు 1953 ఆంధ్ర రాష్ట్ర చట్టం మూడో సెక్షన్‌లో, ఆంధ్రకు చేరే ప్రాంతాల్లో ఉన్నాయి. ఆదోని, ఆలూరు కర్నూలుకు, రాయదుర్గం అనంతపురానికి చేరాయి. సండూరు 1949 దాకా సంస్థానం. 2021లో హోస్పేట, హంపి వైపు ప్రాంతమంతా విజయనగర జిల్లా అయింది.

ఈ మార్పులు తెలియకుండా కెల్సాల్ నుంచి ఒక వాక్యం, ఫ్రాన్సిస్ నుంచి ఒక అంకె, నిన్నటి జనగణన నుంచి ఒక శాతం తెచ్చి ఒకే పట్టికలో పేర్చితే, తెలుగువారి సంఖ్య తగ్గిపోతూ వచ్చినట్టు కనిపించి తీరుతుంది. ఆ తగ్గుదలలో సరిహద్దు జరగడం వల్ల వచ్చిందెంత, జనం వలస వల్లనో భాష మారడం వల్లనో వచ్చిందెంత అన్నది పట్టిక చెప్పదు. గ్రామాల స్థాయికి దిగి, ఒకే భూభాగాన్ని రెండు కాలాల్లో పోల్చినప్పుడే అంకెలకు అర్థం. ఆ పని విసుగు పుట్టిస్తుంది. అందుకేనేమో దాన్ని చేసేవారికంటే జిల్లా మొత్తం మీద ఒక్క అంకె వేసి తేల్చేసేవారే ఎక్కువ.

ప్రతికూల ఆధారాన్ని ఏంచేశారన్నది మరో పరీక్ష. ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటుపై వాంఛూ ఇచ్చిన నివేదిక తర్వాత బళ్లారి తాలూకా సంగతి తేల్చడానికి హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాను నియమించారు. 1953లో ఆయన ఆ తాలూకా మైసూరుకే వెళ్లాలన్నారు, అలాగే వెళ్లింది. తెలుగు పక్షం రచన మిశ్రాను దాటేసి 1955కు దూకితే, కన్నడ పక్షం రచన మిశ్రా దగ్గరే ఆగిపోతే, రెండింటిలోనూ లోపం ఒకటే. రెండేళ్ల తేడాతో రెండు అధికార పత్రాలు ఒకే తాలూకా మీద చెరొక దారి పట్టాయి. ఒకదాన్ని పేర్కొన్నవారు రెండోదాన్ని దాచకూడదు.

ఇక సాహిత్య సాక్ష్యం. సరస వినోదిని సభ పెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు, సుమనోరమ సభను నడిపిన కోలాచలం శ్రీనివాసరావు, వారి వెనుక వచ్చిన బళ్లారి రాఘవ తెలుగు నాటకానికి ఈ ఊళ్లో పీఠం వేశారు. ముగ్గురూ వకీళ్లే కావడం, సాక్ష్యం గురించి రాస్తున్నప్పుడు, గుర్తుచేయదగ్గ ముచ్చట. వారి నాటకాలు పట్టణంలో తెలుగు చదువరులూ ప్రేక్షకులూ బలంగా ఉన్నారని రుజువు చేస్తాయి. చుట్టూ ఉన్న పల్లెల్లో ఏ భాష ఎక్కువో చెప్పడానికి అవి చాలవు. రాఘవ కన్నడంలోనూ నటించాడు కనుక అదే సాక్షిని అవతలి పక్షమూ పిలవగలదు. విజయనగర పతనం మీద కోలాచలం రాసిన రామరాజు నాటకం విషయంలోనూ ఇంతే. దానినుంచి 1565 నాటి యుద్ధం గురించి ఏమీ రుజువు కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో బళ్లారి విద్యావంతులు విజయనగర పతనాన్ని ఎలా ఊహించుకున్నారో తెలుస్తుంది.

బళ్లారి మీద పనిచేసే పరిశోధకులకు నా మనవి: గ్రంథం పేరు, పుట సంఖ్యలతో ఆగకండి. ఆ పుట రాసిన ఏడాదిలో జిల్లాలో ఏ తాలూకాలున్నాయో అక్కడే రాయండి. 1955 సిఫారసును ఉదహరిస్తే దాని కారణాన్నీ, అంతకు ముందరి మిశ్రా నిర్ణయాన్నీ అదే పేరాలో చేర్చండి.