ఇంటి పైకప్పు (ఖమ్మం - భద్రాచలం ప్రాంతం)

ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ప్రాంతంలో వేసవి ఎండలు తీవ్రంగా ఉంటాయి. ఇక్కడి ఇండ్లలో చల్లదనం చాలావరకు పైకప్పుపై ఆధారపడి ఉంటుంది.

కప్పు రకాలు

గడ్డి కప్పు: కోయల సంప్రదాయ ఇండ్లపై గడ్డి కప్పుతారు. పోచల మధ్య నిలిచే గాలి వేడిని లోనికి రానివ్వదు. అయితే నిప్పు భయం ఎక్కువ. కొన్నేళ్లకొకసారి తిరిగి కప్పాలి.

గూన పెంకులు: ఇవి కాల్చిన మట్టి పెంకులు. వీటి సందుల గుండా వేడిగాలి బయటకు పోతుంది. కోతులు తిరిగితే పగులుతాయి.

రేకులు: ఇనుప, సిమెంటు రేకులు నిప్పంటుకోవు, కానీ పలుచగా ఉండుటచే త్వరగా వేడెక్కుతాయి.

స్లాబు: పగటి వేడిని నిలువ చేసుకొని రాత్రివేళ ఇంటిలోనికి విడుదల చేస్తుంది.

రేకులపై తెల్లరంగు, స్లాబుపై సున్నం పూసినచో ఎండ కొంత పరావర్తనం చెంది వేడి తగ్గుతుంది. కప్పు కింద తడికెలతో అటక కట్టినా ఉపశమనం కలుగుతుంది.

ప్రభుత్వ విధానం

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లని కప్పులు ఏర్పరచడం దీని లక్ష్యం. 600 చదరపు గజాలు, ఆపై స్థలాలలో కట్టే ఇండ్లకు ఇది తప్పనిసరి. అంతకు తక్కువ స్థలాలలోని సొంత ఇండ్లకు ఐచ్ఛికం. కనుక గ్రామాలలోని చిన్న రేకుల ఇండ్లలో వేడి తగ్గించే నిర్ణయం ఇంటివారిదే.