సికింద్రాబాద్ క్రైస్తవ సంఘాలు – నూతన జన్మ భావన

1798లో నిజాముతో కుదిరిన సైన్య సహకార ఒప్పందాన్ని అనుసరించి హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన విడిసిన ఈస్టిండియా కంపెనీ దండుకు, 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అనే పేరు స్థిరపడింది. 1813 నాటి సెయింట్ జాన్స్, 1850 నాటి సెయింట్ మేరీస్ చర్చిలు ప్రధానంగా ఆ దండులోని ఆంగ్లేయ, ఐరిష్ సైనికుల కోసం వెలసినవి. వారికి మతం పుట్టుకతో సంక్రమించినది, ఆదివారపు ఆరాధన కొలువులో భాగం.

1870లలో సికింద్రాబాద్ ప్రాంతపు తెలుగువారి మధ్య పని ప్రారంభించిన అమెరికన్ బాప్తిస్టు, వెస్లియన్ మెథడిస్టు మిషన్లు పుట్టుకతో వచ్చిన మతం చాలదని బోధించాయి. పాపాన్ని ఒప్పుకొని, క్రీస్తునందలి విశ్వాసంతో అంతరంగం మారి, మనిషి కొత్త బతుకు ఆరంభించడాన్ని అవి నూతన జన్మ అన్నాయి. అయితే కంటికి కనబడని ఆ మార్పును సంఘం ఎలా గుర్తించాలన్న విషయంలో వాటి దారులు వేరయ్యాయి. బాప్తిస్టులు శిశువులకు బాప్తిస్మము ఇవ్వక, సంఘం ఎదుట తన విశ్వాసానికి సాక్ష్యం చెప్పిన వ్యక్తిని మాత్రమే, పాత జీవితానికి మరణించి కొత్త జీవితానికి లేచినదానికి గుర్తుగా, నీటిలో పూర్తిగా ముంచేవారు. 1738 మే 24న లండనులో జాన్ వెస్లీ పొందిన హృదయానుభవాన్ని తలచుకొనే మెథడిస్టులు శిశు బాప్తిస్మమును అంగీకరించినా, ఒక నాయకుని కింద కొద్దిమంది సభ్యులు వారం వారం కూడి తమ నడతను పరీక్షించుకొనే క్లాస్ మీటింగులను ఆ అనుభవానికి కాపుగా నిలిపారు.

మాల, మాదిగ వాడలు కుటుంబాలతో సహా కదిలి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మరింత జటిలమయింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది తీరాన ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్టుల చేత బాప్తిస్మము పొందిన ఒంగోలు ప్రాంతంలో, ఆదివారం పని చేయకపోవడం, చచ్చిన పశువుల మాంసం తినకపోవడం, విగ్రహాలను పూజించకపోవడం అనే మూడు నియమాలే మార్పుకు కొలమానాలయ్యాయి. గ్రామదేవత కొలుపులో డప్పు కొట్టబోమన్న మాదిగలు ఊరి పెద్దల ఆగ్రహానికి గురికావడాన్ని బట్టి, ఆ నియమాలు కుల వ్యవస్థ విధించిన ఊడిగాన్ని కూడా తాకాయని తెలుస్తుంది. 1895లో సికింద్రాబాద్ సైనికుల మధ్య సేవకు వచ్చి, పిమ్మట మెదకు పల్లెల వైపు మరలిన వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కృషి కూడా ప్రధానంగా ఈ అట్టడుగు కులాల మధ్యనే విస్తరించింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదకు చర్చి దానికి నిదర్శనం.

1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మెథడిస్టులు, ఆంగ్లికన్లు అందులో కలిశారు. బాప్తిస్టులు వెలుపలే ఉండిపోయారు. అంతరంగంలో జరిగిన మార్పు చరిత్రకారుని సాక్ష్యాధారాలకు అందేది కాదు గాని, వదులుకున్న ఊడిగమూ మార్చుకున్న నడతా అందుతాయి; తెలుగు సంఘాల ఆధ్యాత్మిక చరిత్రను వాటి ఆధారంగానే రాయవలసి ఉంటుంది.