చెన్నపట్టణమున గృహనిర్మాణానుమతి : చారిత్రక పరిశీలనము

చెన్నపట్టణమున నేతాజీ సుభాష్ చంద్రబోసు వీధి సముద్రతీరపు మార్గమును కలిసికొను తావున ప్యారీ మూల యని ప్రసిద్ధి కెక్కిన కూడలి కలదు. అచ్చటి డేర్ హౌసు చెంత ఒక రాతిస్తంభము నేటికిని నిలిచియున్నది. ప్రతిదినము వేలకొలది జనులు దాని ప్రక్కగా పోవుదురు గాని దాని కథ నెరిగినవారు తక్కువ. 1773వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీవారు నాటించిన ఆరు హద్దుస్తంభములలో మిగిలిన దిది యొక్కటియే. ఈ స్తంభముల వరుసకును సెంట్ జార్జి కోటకును నడుమ నెవ్వరును ఇల్లు కట్టరాదని వాని తాత్పర్యము. నగరమున ఇల్లు కట్టదలచిన సామాన్యునకు పాలకులు గీచిన గీటునకు ఇది ప్రాచీనమైన సాక్ష్యము.

గృహనిర్మాణానుమతి యనగానే నేటి గృహస్థునకు పటములు, రుసుములు, కార్యాలయముల చుట్టు ప్రదక్షిణములు స్ఫురించును. కాని ఈ నగరచరిత్రను క్రమముగా పరిశీలించినచో ఏ కాలమునందైనను నిబంధన గృహస్థుని ముఖ్యముగా అడిగిన ప్రశ్న యొక్కటియే యని తేలుచున్నది: ఎంత నేలను కట్టక విడుతువు? విడిచిన ఆ నేల ఎవరి కొరకు? ఈ ప్రశ్నకు కాలమునుబట్టి సమాధానము మారినది. ఆ మార్పును తెలిసికొనుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడు కంపెనీ ఉద్యోగియైన ఫ్రాన్సిస్ డే కోరికపై కోట కట్టుకొనుటకు అనుమతి నొసగెను. నాయకుని తండ్రియగు చెన్నప్ప పేరిట ఊరికి చెన్నపట్టణ మను పేరు గలిగెను. కోటకు ఉత్తరమున, నేటి హైకోర్టు ఆవరణ మున్న తావున, వర్తకులును చేతిపనులవారును ఇండ్లు కట్టుకొనిరి. కోట గోడల చెంతనే వీధులు పెరిగెను.

ఎవరు ఎచ్చట నివసింపవలెనను విషయమున కంపెనీవారు స్పష్టముగా నిర్ణయము చేసిన పేట చింతాద్రిపేట. 1734లో గవర్నరు జార్జి మోర్టన్ పిట్ కాలమున, పూర్వము కంపెనీకి ప్రధానవర్తకుడైన సుంకురామ చెట్టి తోట యుండిన నేలపై దీనిని నెలకొల్పిరి. వడుకువారు, నేతవారు, అద్దకమువారు, చలువచేయువారు, వారికి కావలసిన బ్రాహ్మణులు, దేవాలయ సేవకులు మాత్రమే యిచ్చట నివసింపవలెనని నియమము. చిన్న మగ్గముల పేట యను అర్థమున తమిళమున కలిగిన పేరే చింతాద్రిపేటగా మారినది. ఇచ్చట ఇంటి అనుమతికి మూలము గృహస్థుని వృత్తి. బట్టల వ్యాపారమునకు కావలసిన చేతులను ఒక్కచోట చేర్చుట కంపెనీకి ప్రయోజనము.

1746లో ఫ్రెంచివారు చెన్నపట్టణమును పట్టుకొనిరి. 1749లో తిరిగి యిచ్చులోపల కోటకు చేరువనున్న ఇండ్లను కొంతవరకు కూల్చిరి. మిగిలిన పాతపట్టణమును ఆంగ్లేయులే 1757లో నేలమట్టము గావించిరి. శత్రువు ఇండ్ల చాటున నిలిచి కోటపై ఫిరంగులు కాల్చకుండుటకై ఆ నేల బయలుగా నుండవలెనని వారి నిర్ణయము. అచ్చటి చెన్నకేశవ దేవాలయమును కూడ ఆ కూల్చివేతకు లోనయ్యెను. పిదప దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవ, చెన్నమల్లేశ్వరుల కోవెలలు వెలసెను. 1758 డిసెంబరున లాలీ సేనాని ముట్టడి ప్రారంభించి 1759 ఫిబ్రవరి వరకు సాగించెను. ఆ భయము తీరిన తరువాత కూడ బయలు బయలుగానే యుండవలెనని హద్దుస్తంభములను నాటించిరి. నాడు విడిచిన నేల కోట కొరకు. ఇల్లు కోల్పోయినవాడు గృహస్థుడు. ఆ బయలులోనే 1892లో హైకోర్టు భవన మవతరించుట తరువాతి కథ.

పాతపట్టణమును వీడిన జనులు ముత్యాలపేటకును పెద్దనాయకునిపేటకును చేరిరి. ఈ పేరులు రెండును తెలుగువారి చెవికి సొంతములే. 1906లో ఈ రెండుపేటల పట్టణమునకే జార్జిటౌను అను పేరు పెట్టబడెను. రెండుపేటల నడుమ నుండిన పల్లపు నేలను స్టీఫెన్ పోఫాం అను న్యాయవాది 1780 ప్రాంతమున పూడ్పించి వీధి వేయించెను. ప్రతివీధికిని మురుగుకాలువ లుండవలెననియు, వీధులకు పేరులు, దీపములు కావలెననియు 1782లో అతడు ప్రభుత్వమునకు ప్రణాళిక నర్పించెను. అతని బ్రాడ్వే నేడు టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరిట ప్రకాశం సాలైగా పిలువబడుచున్నది.

జార్జిటౌను ఇంటికి ముఖము చిన్నది, లోతు పెద్దది. ఇరుగుపొరుగు ఇండ్ల గోడలు కలిసియుండును. ప్రక్కలనుండి గాలివెలుతురు లేనందున ఇంటి నడుమ మండువాను విడుచుట ఆచారము. వీధివైపున అరుగు, బాటసారి కూర్చుండుటకు అదియే తావు. కప్పునకు టేకుదూలములపై ఇటుకలను సున్నపు అడుసుతో నిలువుగా పేర్చి, పైన ఇటుకముక్కల కాంక్రీటు దిమ్మిసతో గట్టిపరచి, పలుచని పెంకులు పరచెడివారు. మద్రాసు మిద్దె యని దీనికి దేశమంతట ప్రసిద్ధి. గుల్లసున్నమున కరక్కాయనీరును బెల్లపునీరును చేర్చి నూరిన గచ్చు చలువరాతివలె మెరసెడిది. చట్టము లేని కాలమునందును గృహస్థుడు కొంత నేలను కట్టక విడిచెను. మండువా తన కుటుంబము కొరకు, అరుగు పరుల కొరకు. కాని వీధిలోనికి చొచ్చిన అరుగు తరువాతికాలమున ఆక్రమణ యనిపించుకొనెను.

ఇరువదవ శతాబ్దమున ఆరోగ్యదృష్టి బలపడెను. ప్యాట్రిక్ గెడ్డీస్ పండితుడు తన నగరనిర్మాణ ప్రదర్శనమును చెన్నపట్టణమునకు తరలింపగా, ఆ వస్తువులను తెచ్చుచున్న ఓడను 1914లో జర్మనుల ఎండెన్ నౌక సముద్రమున ముంచివేసెను. అతడు నిరుత్సాహపడక క్రొత్తగా పటములను సేకరించి 1915 జనవరిలో విశ్వవిద్యాలయ సెనేటు మందిరమున ప్రదర్శనము జరిపించెను. లాంచెస్టరు అను వాస్తుశిల్పి 1918లో మద్రాసు నగరనిర్మాణముపై గ్రంథమును ప్రకటించెను. 1919లో మద్రాసు నగర పురపాలక చట్టము, 1920లో నగరనిర్మాణ చట్టము వెలువడెను. బొంబాయి వారి 1915 నాటి చట్టమునకు తరువాత దేశమున నిట్టి చట్టములలో మన రాజధానిది ముందువరుసలోనిది.

1919 చట్టము గృహస్థునిపై విధులను మోపినను అతనికి హక్కును గూడ ఒసగెను. స్థలపటము, కట్టడపు పటము సమర్పించి అనుమతి పొందక పని ఆరంభింపరాదు. అయినను కమిషనరు గడువులోపల అనుమతి నీయకయు నిరాకరింపకయు ఊరకున్నచో స్థాయీసంఘమునకు విన్నవించుకొనవచ్చును. ఆ సంఘమును గడువులోపల తేల్చనిచో అనుమతి లభించినట్లే యెంచవలెను. కాని నిబంధనలను మాత్రము మీరరాదు. అధికారి మౌనమునకు గృహస్థుడు బలికారాదని ఈ యేర్పాటునకు ఆశయము.

నగరనిర్మాణ చట్టమునకు పెద్ద ఉదాహరణము మాంబళము. 1920 తరువాతి దశకమున అచ్చటి పెద్దచెరువును పూడ్చి త్యాగరాయనగరమును నిర్మించిరి. నగరసభాధ్యక్షుడై 1925లో దివంగతుడైన పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు ఆ నగరమునకును, ముఖ్యమంత్రియైన పానగంటి రామరాయణింగారి పేరు దాని నడుమ నున్న పానగల్ పార్కునకును, గోపతి నారాయణస్వామి చెట్టిగారి పేరు ఒక ప్రధానమార్గమునకును నిలిచినవి. వెడల్పైన వీధులు, నడుమ ఉద్యానము, ప్రతి యింటి చుట్టును ఖాళీ స్థలము. జార్జిటౌనులో ఇంటి నడుమ నుండిన బయలు ఇచ్చట ఇంటి వెలుపలికి వచ్చెను. అయితే వీధికిని తోటకును నేల విడిచిన ఆ ప్రణాళిక నీటికి నేల విడువలేదు. చెరువు మరచిపోబడెను.

ఇంటిస్థలమును గ్రౌండులలో కొలుచుట ఈ నగరమున వాడుక. గ్రౌండునకు 2,400 చదరపు అడుగులు. 24 గ్రౌండులు ఒక కాణి, అనగా ఇంచుమించుగా 1.32 ఎకరములు. ఉద్యోగి జీవితకాలపు పొదుపుతో కొనదలచునది సాధారణముగా ఒక గ్రౌండు. ఇట్టివారి కొరకే 1940 తరువాతి దశకమున నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడి కాలనీలను నిర్మించెను. 1961లో గృహవసతి మండలి ఆ బాధ్యతను స్వీకరించెను.

ఈ నడుమనే తెలుగువారికి గొప్ప పరీక్ష వచ్చెను. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు బులుసు సాంబమూర్తిగారి మైలాపురపు గృహమున నిరాహారదీక్షలో ప్రాణములు విడిచిరి. ఆ యిల్లు నేడు స్మారకమందిరము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినను చెన్నపట్టణ మందు చేరలేదు. రాజధాని పోయినను ఇండ్లు మిగిలినవి. ఇచ్చట నిలిచిపోయిన తెలుగు కుటుంబమునకు నగరముపై గల హక్కునకు ఆధారము పెట్టెలోని పట్టా, క్రయపత్రము, పన్ను రసీదు, ఆమోదముద్ర పడిన ఇంటిపటము. వీనిని భద్రపరచినవారి సంతతి నిశ్చింతగా నున్నది. పోగొట్టుకొన్నవారు పునర్నిర్మాణమునకును భాగపరిష్కారమునకును కష్టపడవలసివచ్చును.

1971లో తమిళనాడు పట్టణ గ్రామీణ ప్రణాళికా చట్టము వెలువడెను. దాని ననుసరించి 1974లో మహానగరాభివృద్ధి సంస్థ చట్టబద్ధమయ్యెను. మొదటి బృహత్ప్రణాళిక 1975లోను, రెండవది 2008లోను అమలునకు వచ్చెను. 2019లో రాష్ట్రమంతటికిని ఏకరూపమైన అభివృద్ధి, కట్టడపు నియమావళి ఏర్పడెను. ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారన్న మాట ఈ దశలో మరింత సార్థకమైనది. ప్రణాళికానుమతి వేరు, కట్టడపు అనుమతి వేరు; మొదటిది నేల వినియోగమును, రెండవది కట్టడమును చూచును.

గృహస్థుని నిర్ణయములకు క్రమ మున్నది. మొదట హక్కు: మూలపత్రముల పరంపర, పట్టా, ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు. తరువాత లేఔటు. అనుమతి లేని లేఔటులలోని స్థలముల రిజిస్ట్రేషనును 2016 సెప్టెంబరున మద్రాసు హైకోర్టు నిలిపివేయగా, చౌకగా కొన్న వేలమంది చిక్కులలో పడిరి. 2017లో క్రమబద్ధీకరణ నియమములు వచ్చెను. పిదప తావు: సముద్రతీర పరిమితి, భూగర్భజల పరిరక్షణ ప్రాంతము, రెడ్‌హిల్సు జలాశయపు పరీవాహము వీనిలో నున్నదా యని చూడవలెను. ఆ తరువాతనే పటము. 2019 నియమావళిలో ఎఫ్.ఎస్.ఐ. సాధారణముగా 2, అనగా ఒక గ్రౌండుపై అన్ని అంతస్తులును కలిసి 4,800 చదరపు అడుగులు. వీధి వెడల్పును, కట్టడపు ఎత్తును బట్టి చుట్టును విడువవలసిన నేల నిర్ణయమగును. జార్జిటౌను వంటి తావులను నిరంతర కట్టడపు ప్రాంతములుగా గుర్తించి ప్రక్కల ఖాళీ విడువనవసరము లేదనుట, ప్రాచీనాచారమును నేటి చట్టము మన్నించుటయే.

ఇంతటితో గృహస్థుని పని తీరదు. 2014 జూన్ 28న నగరపు పొలిమేరలోని మౌలివాక్కమున నిర్మాణమందున్న పదునొకండు అంతస్తుల భవనము కూలి 61 మంది మరణించిరి. వారిలో పలువురు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి కూలికి వచ్చిన తెలుగువారు. అది అనుమతి పొందిన కట్టడమే. అనుమతిపత్రము నేల విడిచిన తీరును పరిశీలించునే గాని, నేలలోపలి బలమునకు హామీ యీయదు. ఇసుక, బంకమట్టి, పూడ్చిన చెరువు ఇవన్నియు ఈ నగరమున ఒకదాని ప్రక్క నొకటి యుండును. 2002లో సవరించిన ప్రమాణము భూకంపవిషయమున చెన్నపట్టణమును రెండవ మండలమునుండి మూడవదానికి చేర్చెను. మట్టిపరీక్షయు, అర్హుడైన ఇంజనీరు లెక్కయు లేక పునాది త్రవ్వుట తన కుటుంబమునకే గాక ఇటుక మోయు కూలికిని ప్రమాదము.

నీటి లెక్కయును అట్టిదే. 2003లో వాననీటి సేకరణము ప్రతి యింటికిని విధియయ్యెను. 2015 డిసెంబరు వరదలలో అడయారు పొంగి పేటలు మునిగెను. 2019 వేసవిలో జలాశయములు ఎండెను. నాలుగేండ్లలో ఒకే నగరమునకు వరదయు కరవును గలిగినవి. చుట్టును విడిచిన నేలను సిమెంటుతో కప్పివేసిన ఇల్లు చట్టమునకు లోబడినట్లు కనబడినను వాననీటికి ద్వారము మూసినట్లే.

2024 జులై 22న రాష్ట్రప్రభుత్వము స్వయంధ్రువీకరణ విధానమును ప్రారంభించెను. 2,500 చదరపు అడుగులకు మించని స్థలమున 3,500 చదరపు అడుగులకు మించని ఒక మేడగల ఇంటికి యజమాని వాఙ్మూలముపై వెంటనే అనుమతి లభించును. 2,500 అడుగుల పరిమితి గ్రౌండును ఇంచుక మించినది. నగరపు పాతకొలత క్రొత్త చట్టమున ఈ విధముగా స్థానము పొందెను. గృహస్థునకు కార్యాలయ ప్రయాస తగ్గినది. కాని ముందుగా అధికారి చేసెడి పరిశీలనము ఇపుడు అతని మనస్సాక్షికే వదలబడినది.

హద్దుస్తంభము నాటిన కాలమున బయలు కోట కొరకు విడువబడెను. మాంబళమున గాలి కొరకు, వీధి కొరకు విడువబడెను. నేడు అది వాననీటి కొరకు, పొరుగువాని కొరకు, ఆపత్కాలమున అగ్నిశకటము వచ్చుటకొరకు. నాడు ఆ గీటును కాచుటకు కోటయు ఫిరంగులును ఉండెను. నేడు ఒక్క గ్రౌండు యజమాని తన స్థలమున ఆ గీటును తానే గీచికొని, తానే కాచికొనవలసియున్నాడు.