చీరాల: చరిత్ర, పురపాలన

చీరాల బాపట్ల జిల్లాలో మండల కేంద్రమైన పట్టణం. చెన్నై–విజయవాడ రైలు మార్గంలో, సముద్రానికి కొద్ది దూరంలో ఉంది. చేనేతకు ప్రసిద్ధి. రెడ్డిరాజులు, గజపతులు, గోల్కొండ సుల్తానుల తరువాత ఈ ప్రాంతం 18వ శతాబ్దం చివరికి ఆంగ్లేయుల ఏలుబడిలోకి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం ఆరంభానికి చీరాల, పేరాల పక్కపక్కనే ఉన్న రెండు గ్రామాలు. ఇవి జాండ్రపేట, వీరరాఘవపేటలతో కలిసి ఒక యూనియన్‌గా ఉండేవి. నివాసుల్లో ఎక్కువమంది నేతగాళ్లు, రైతులు, చిన్న వ్యాపారులు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేయడంతో పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. మగ్గం మీద బతికే కుటుంబాలకు అది మోయలేని భారమైంది. పురపాలన వద్దంటూ ప్రజలు అర్జీలు పెట్టుకున్నా ఫలితం లేకపోయింది. మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల తరువాత స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చింది. ఆ మంత్రి, జస్టిస్ పార్టీ నాయకుడు పానగల్లు రాజా పానగంటి రామరాయణింగారు తెలుగువాడే. అయినా ప్రభుత్వం పట్టు సడలించలేదు.

ఈ ఘట్టంలో ప్రజలకు నాయకుడైనవాడు ‘ఆంధ్రరత్న’ దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928). పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివి, మచిలీపట్నం జాతీయ కళాశాలలో కొంతకాలం అధ్యాపకుడిగా పనిచేసిన ఈ మహావక్త చీరాలను తన కార్యక్షేత్రం చేసుకున్నాడు. ఆయన కూర్చిన ‘రామదండు’ అనే స్వచ్ఛంద సేవాదళం 1921లో బెజవాడ అఖిల భారత కాంగ్రెస్ సమావేశాల్లో జనసమూహాన్ని అదుపులో ఉంచి మన్నన పొందింది.

ఆయన ప్రోత్సాహంతో కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రజలు పన్ను కట్టడం మానారు. కట్టనివారిని జైలుకు పంపారు. వారిలో ఒక వృద్ధురాలు కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీజీ రెండు మార్గాలు చూపారు: అహింసతో పన్నుల నిరాకరణ కొనసాగించడం, లేదా మునిసిపాలిటీ ఎల్లలు దాటి వెళ్లిపోవడం. ఊరివారు రెండో దారినే ఎంచుకున్నారు. సుమారు 15,000 మంది జనాభాలో దాదాపు 13,000 మంది ఇళ్లువాకిళ్లు వదిలి, ఎల్లల అవతల పాకలు వేసుకుని, ఆ చోటికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. అక్కడ కులాల వారీగా ఎన్నుకున్న ప్రతినిధులతో ఒక సభ, తగవులు తీర్చే పంచాయతీ ఏర్పడ్డాయి. వద్దన్న పురపాలనను విడిచి వచ్చిన జనం తమ పాలనను తామే చక్కగా నిలుపుకోవడం ఈ ఉద్యమంలోని విశిష్టత. గాంధీజీ ‘యంగ్ ఇండియా’లో దీన్ని మెచ్చుకుంటూ రాశారు.

ఎండలకూ వానలకూ ఓర్చి జనం ఆ పాకల్లో దాదాపు 11 నెలలు గడిపారు. నిధులు చాలలేదు. గోపాలకృష్ణయ్య బరంపురంలో ప్రసంగ నిషేధాన్ని ధిక్కరించి అరెస్టయ్యాడు. ఏడాది శిక్షతో తిరుచిరాపల్లి జైలుకు వెళ్లాడు. నాయకుడు దూరమయ్యాక ఉద్యమం సన్నగిల్లింది. 1922లో జనం పాత ఇళ్లకు తిరిగివచ్చారు. మునిసిపాలిటీని రద్దు చేయించాలన్న కోరిక అప్పటికి నెరవేరలేదు. అయినా ఊరంతా ఒక్కమాట మీద నిలిచి ఇళ్లు వదిలిన ఈ పోరాటం సహాయ నిరాకరణ కాలపు ఆంధ్రోద్యమాల్లో అగ్రశ్రేణికి చెందుతుంది.

తరువాతి కాలంలో పట్టణం వస్త్ర, పొగాకు వ్యాపారాలతో పెరిగింది. గుంటూరు జిల్లాలో ఉన్న చీరాల 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. 2011 జనగణన నాటికి పట్టణ జనాభా 85 వేలు దాటింది. పేరాల నేడు పట్టణంలో భాగం. పురపాలక సంఘం వార్డులకు ఎన్నికైన కౌన్సిలర్లతో, చైర్‌పర్సన్, కమిషనర్‌ల ఆధ్వర్యంలో నడుస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో చీరాల బాపట్ల జిల్లాలో భాగమైంది.