ఎనిమిది నొక్కుల ప్రేమ

పాత నోకియా ఫోన్లో ఇంగ్లిషు అక్షరాలతో ‘ప్రేమ’ అని కొట్టాలంటే ఎన్నిసార్లు నొక్కాలి? ‘పి’ కోసం 7 ఒకసారి. ‘ఆర్’ కూడా అదే బటన్లో ఉంది కాబట్టి ఒక్క క్షణం ఆగి, మళ్లీ 7 మూడుసార్లు. ఆపైన 3 రెండుసార్లు, 6 ఒకసారి, 2 ఒకసారి. మొత్తం ఎనిమిది నొక్కులు, మధ్యలో ఒక నిరీక్షణ. ఉర్దూ ‘ఇష్క్’కైతే పదకొండు నొక్కులు, కానీ ఎక్కడా ఆగక్కర్లేదు. హైదరాబాద్ పాతబస్తీలో ప్రేమా ఇష్కూ రెండూ కథలై ఆ బటన్లమీదే నడిచాయి.

కథలు రాసుకొమ్మని ఎవరూ ఆ బటన్లు చేయలేదు. 1985లో జర్మనీలో ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ అనే ఇంజనీరు టైప్‌రైటర్ ముందు కూర్చుని, తోచిన వాక్యాలు కొట్టి అక్షరాలు లెక్కపెట్టాడు. దాదాపు అన్నీ 160 లోపే ముగిశాయి. ఎస్సెమ్మెస్‌కు అదే హద్దయింది. అయితే అది ఇంగ్లిషు లెక్క. ఒక మెసేజ్‌కు దక్కేది 140 బైట్ల చోటు. ఇంగ్లిషు అక్షరం ఏడు బిట్లలో సర్దుకుంటుంది, తెలుగుకీ ఉర్దూకీ పదహారు కావాలి. అంటే 70తో సరి. అందులోనూ ఒత్తులకూ గుణింతాలకూ లెక్క వేరు: ‘ప్రే’ ఒక్కటే నాలుగు తినేస్తుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. చేతిలోని చవక ఫోన్లో మాత్రం ఫాంట్ లేదు, తెలుగు పంపితే అవతల ఖాళీ డబ్బాలు తేలేవి. ఉర్దూది ఇంకో తంటా. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలిలో అక్షరాలు ఏటవాలుగా జారుతూ ఒకదాన్నొకటి అందుకుంటాయి. పాతబస్తీ ఛత్తా బజార్‌లో చేతిరాతే వృత్తిగా ఉన్న కాతిబుల కలానికి అది అలవాటైన నడక, చిన్న తెరకు కాదు.

2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక ఫోన్లు ఇంటింటికీ వచ్చాయి. రెండు భాషలవాళ్లూ ఒకే దారి పట్టారు: ఇంగ్లిషు అక్షరాల్లో సొంత మాట. దీర్ఘాలు ఎగిరిపోయాయి. ‘ట’, ‘త’ కలిసిపోయి ‘పాట’కూ ‘పాత’కూ తేడా లేకుండా పోయింది, సందర్భం చూసి చదివేవాళ్లే దిద్దుకునేవారు. ఆ నష్టంలోనే ఒక లాభం ఉంది. పక్కింటివాళ్ల మాట అర్థమై, లిపి మాత్రం తెలియనివాళ్లు పాతబస్తీలో ఎందరో. ఇలా తెలుగు కథ ఉర్దూ ఇంటికీ, ఉర్దూ కథ తెలుగు ఇంటికీ లిపి అడ్డం లేకుండా వెళ్లగలిగేది.

కథ పొడవును కూడా ఫోనే తేల్చింది. నెట్ పేజీలు చూపే తొలి వ్యాప్ ఫోన్లలో కొన్ని ఒక విడతకు ఒకటిన్నర కిలోబైట్లు కూడా మోయలేకపోయేవి. అందుకే భాగాలు పొట్టివి, ప్రతి భాగం చివరా ఒక మెలిక. వారపత్రికల సీరియళ్లు మరిగినవాళ్లకు ‘సశేషం’ కొత్తేమీ కాదు. జపాన్‌లోనూ ఇదే వరస: 2007లో బాగా అమ్ముడైన పది నవలల్లో సగం సెల్‌ఫోన్ నవలలే. అక్కడి ఫోన్లకు మాత్రం జపనీస్ వచ్చు.

2006 జనవరిలో ఒపెరా మినీ అనే ఫోన్ బ్రౌజరు ప్రపంచమంతటికీ అందింది. పేజీని తన సర్వర్లో పిండి, చిక్కగా చేసి పంపేది. తర్వాత దాని సెట్టింగుల్లో ఒక చిట్కా బయటపడింది. అడ్రస్ గడిలో ‘ఒపెరా కాన్ఫిగ్’ కొట్టి, క్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడమంటే, సర్వరు తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి ఇచ్చేది. డబ్బాల చోట ‘అమ్మ’ కనబడింది. అలా చదవడానికి తెలుగు వచ్చింది, రాయడానికి మాత్రం ఆ బటన్లే గతి.

2014లో కథలు రాసి చదువుకునే ఆన్‌లైన్ వేదిక ప్రతిలిపి మొదలైంది. ఇవాళ తెలుగులో ప్రేమకథ రాయాలన్నా చదవాలన్నా ఏ చిట్కా అక్కర్లేదు, ఏ స్మార్ట్‌ఫోన్లోనైనా ఒత్తులు నిండుగా కూర్చుంటాయి. అయినా అర్ధరాత్రి వచ్చే ‘తిన్నావా?’ మాత్రం చాలామందికి ఇప్పటికీ ఇంగ్లిషు అక్షరాల్లోనే వస్తుంది. దీర్ఘం మనమే తీసుకుంటాం.