ఖబీబ్ నూర్మగొమెదోవ్: 29 ఫైట్లు, ఒక్క ఓటమీ లేదు

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ) చూసే కుర్రాళ్లున్న ప్రతి ఇంట్లో ఈ పేరు ఏదో ఒక రోజు వినబడే ఉంటుంది. తెల్లటి బొచ్చు టోపీ, గుబురు గడ్డం, గెలిచిన వెంటనే ‘అల్హమ్దులిల్లాహ్’ అంటూ మొదలుపెట్టే మాట. రష్యన్ ఉచ్చారణలో ఖబీబ్ అయినా, అది మన ఇళ్లల్లో పెట్టుకునే ‘హబీబ్’ పేరే. ఇంటిపేరు కూడా అంతే. రష్యన్‌లో ‘మగొమెద్’ అంటే ముహమ్మద్. నూర్ ముహమ్మద్ అన్న పేరుకు రష్యన్ తోక తగిలించారు.

ఖబీబ్ 1988 సెప్టెంబర్ 20న దాగెస్తాన్‌లోని సిల్ది అనే కొండ పల్లెలో పుట్టాడు. అప్పటికి అది ఇంకా సోవియట్ యూనియన్. కాకసస్ పర్వతాలకూ కాస్పియన్ సముద్రానికీ మధ్య ఉండే దాగెస్తాన్ ఇప్పుడు రష్యాలో భాగం. ముప్పైకి పైగా తెగలు, అన్ని భాషలు ఉన్న ప్రాంతం. జనంలో అత్యధికులు సున్నీ ముస్లింలు. ఖబీబ్ కుటుంబం అవార్ తెగకు చెందినది. అక్కడ కుస్తీ అంటే మన దగ్గర క్రికెట్ లాంటిది. హైదరాబాద్ పాతబస్తీ తాలీమ్‌ఖానాల గురించి పెద్దలు చెబితే విన్నవాళ్లకు ఆ వాతావరణం సులువుగానే అర్థమవుతుంది.

తండ్రి అబ్దుల్‌మనాప్ సైన్యంలో పనిచేసినవాడు. కుస్తీ, జూడో, సాంబో మూడూ తెలిసినవాడు. సాంబో అంటే సోవియట్ సైన్యంలో పుట్టిన కుస్తీ విద్య. అందులో దెబ్బలు కూడా ఉండే రకాన్ని కంబాట్ సాంబో అంటారు. ఇంటి కింది అంతస్తునే ఆయన జిమ్‌గా మార్చేశాడు. ఊరి పిల్లలంతా అక్కడే సాధన చేసేవారు. తన కొడుక్కి వేరే నియమాలేం లేవు, అందరితో పాటే చెమటోడ్చాలి. తొమ్మిదేళ్ల ఖబీబ్ గొలుసుతో కట్టిన ఎలుగుబంటి పిల్లతో కుస్తీ పడుతున్న పాత వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. దాన్ని చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు, జంతువును హింసిస్తున్నారని కోప్పడినవాళ్లూ ఉన్నారు. 2001లో కుటుంబం దాగెస్తాన్ రాజధాని మఖచ్‌కలాకు మారింది. పదిహేనో ఏట నుంచి జూడో, పదిహేడో ఏట నుంచి తండ్రి దగ్గరే సాంబో. 2009, 2010 రెండేళ్లూ కంబాట్ సాంబోలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

ప్రొఫెషనల్ ఎంఎంఏలో మొదటి ఫైట్ 2008 సెప్టెంబర్‌లో, ఉక్రెయిన్‌లో. ప్రత్యర్థి మెడనూ చేతినీ తన రెండు కాళ్ల మధ్య ఇరికించి బిగించే ‘ట్రయాంగిల్ చోక్’తో గెలిచాడు. ఈ పట్టును గుర్తుపెట్టుకోవాలి, పన్నెండేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది. మూడేళ్లలో 16 ఫైట్లు, పదహారూ గెలుపులే. 2011 చివర్లో అమెరికాకు చెందిన యుఎఫ్‌సీ పిలిచి కాంట్రాక్ట్ ఇచ్చింది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎనిమిది భుజాల బోనులో ఇద్దరే ఉంటారు. గుద్దొచ్చు, తన్నొచ్చు, కింద పడేసి పట్టు పట్టొచ్చు. రౌండ్ ఐదు నిమిషాలు. మామూలు ఫైట్‌కు మూడు రౌండ్లు, టైటిల్ ఫైట్‌కు ఐదు. అవతలివాడు నొప్పికో ఊపిరాడకో చేత్తో తడితే ఓటమి ఒప్పుకున్నట్టే. ఖబీబ్ ఆడింది లైట్‌వెయిట్ విభాగంలో, అంటే 155 పౌండ్లు, సుమారు 70 కిలోలు.

అతని ఆటలో రహస్యం ఏమీ లేదు. ఏం చేయబోతున్నాడో అందరికీ తెలుసు, ఆపడమే ఎవరి వల్లా కాలేదు. ప్రత్యర్థిని బోను గోడకు నెట్టడం, నడుమో కాలో దొరకబుచ్చుకుని కింద పడేయడం, తన కాళ్లతో అతని కాళ్లు కట్టేయడం, ఒక మణికట్టు నొక్కిపెట్టి రెండో చేత్తో దెబ్బలు వేయడం. లేచే ప్రయత్నం చేసిన ప్రతిసారీ మళ్లీ కిందకే. 2013 మేలో ఏబెల్ ట్రుహియోను ఒక్క ఫైట్‌లోనే 21 సార్లు పడగొట్టి యుఎఫ్‌సీ రికార్డు సృష్టించాడు. 2014 ఏప్రిల్‌లో, తర్వాత ఛాంపియన్ అయిన రాఫెల్ దోస్ అంజోస్‌ను కూడా ఇలాగే లొంగదీశాడు.

ఆ తర్వాత రెండేళ్లు అతను బోనులోకే దిగలేదు. మోకాలి గాయం, ఆపరేషన్, మళ్లీ గాయం. 2016 ఏప్రిల్‌లో తిరిగొచ్చాడు. అయితే శరీరం బరువు అతన్ని వెంటాడుతూనే ఉంది. 2017 మార్చిలో టోనీ ఫెర్గూసన్‌తో ఫైట్‌కు ముందు రోజు బరువు దించుకుంటూ ఆసుపత్రి పాలయ్యాడు, ఫైట్ రద్దయింది. తూకం కోసం ఒంట్లో నీళ్లన్నీ చెమటగా పోగొట్టుకోవడం ఈ ఆటలో అతి ప్రమాదకరమైన అలవాటు. టీవీలో కనబడే దెబ్బల కన్నా కనబడని ఈ ఎండబెట్టుకోవడమే భయపెట్టేది. ఈ ఆట నేర్చుకుంటానని పిల్లలు పట్టుబట్టే ఇళ్లల్లో ఈ సంగతి తప్పక తెలిసి ఉండాలి. ఇక ఫెర్గూసన్‌తో ఫైట్ మొత్తం ఐదుసార్లు ఖరారై ఐదుసార్లూ రద్దయింది. ఒకసారి ఇతని గాయం, ఒకసారి అతని అనారోగ్యం, చివరిసారి 2020లో కరోనా. అభిమానులకు ఇప్పటికీ తీరని లోటు అదే.

2018 ఏప్రిల్ 7న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో టైటిల్ దక్కింది. ఆ వారం జరిగింది సినిమా కథలా ఉంటుంది. ఫెర్గూసన్‌కు మోకాలు దెబ్బతింది. బదులుగా వచ్చిన మాక్స్ హాలోవేను బరువు తగ్గే క్రమంలో డాక్టర్లు ఆపేశారు. ఆఖరికి ఒక్క రోజు ముందు ఆల్ యాక్వింటా ఒప్పుకున్నాడు. ఐదు రౌండ్లలో ఖబీబ్ భారీ తేడాతో గెలిచాడు. యుఎఫ్‌సీ ఛాంపియన్ అయిన మొదటి ముస్లింగా పేరొచ్చింది.

అదే వారం మరో గొడవ. ఐర్లండ్ ఫైటర్ కోనర్ మెక్‌గ్రెగర్ స్నేహితుడిని ఖబీబ్ తన మనుషులతో కలిసి హోటల్లో నిలదీశాడు. దానికి ప్రతీకారంగా మెక్‌గ్రెగర్ అనుచరులతో వచ్చి, ఖబీబ్ కూర్చున్న బస్సు అద్దం మీదకు సామాన్లు మోసే ఇనుప బండి విసిరాడు. అద్దం పగిలి ఇద్దరు వేరే ఫైటర్లకు గాయాలయ్యాయి. ఆ సెప్టెంబర్‌లో ప్రెస్‌మీట్‌లో మెక్‌గ్రెగర్ తన విస్కీ సీసా తెచ్చి తాగమని ఖబీబ్‌కు ఇవ్వబోయాడు. తండ్రిని, దేశాన్ని, మతాన్ని కలిపి మాటలన్నాడు.

2018 అక్టోబర్ 6, లాస్ వెగాస్. దాదాపు 24 లక్షల పే-పర్-వ్యూ కొనుగోళ్లతో యుఎఫ్‌సీ చరిత్రలోనే రికార్డు. రెండో రౌండ్‌లో, కుస్తీవాడనుకున్న ఖబీబ్ ఒక్క కుడిచేతి గుద్దుతో మెక్‌గ్రెగర్‌ను కింద పడేశాడు. మూడో రౌండ్‌ను జడ్జిలు మెక్‌గ్రెగర్‌కు ఇచ్చారు. నాలుగో రౌండ్‌లో మెడ పట్టు పడింది, మెక్‌గ్రెగర్ తట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఖబీబ్ బోను గోడ దూకి మెక్‌గ్రెగర్ శిబిరంలోని ఒకరి మీదకు వెళ్లాడు. లోపల అతని మనుషులు మెక్‌గ్రెగర్ మీద పడ్డారు. నెవాడా కమిషన్ ఖబీబ్‌కు తొమ్మిది నెలల నిషేధం, 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. మెక్‌గ్రెగర్‌కు ఆరు నెలలు, 50 వేల డాలర్లు.

ఆ రాత్రి ప్రెస్‌మీట్‌లోనే ఖబీబ్ క్షమాపణ చెప్పాడు. చేసింది తప్పేనని, అయితే నెలల తరబడి తాను పడ్డ మాటల గురించి ఎవరూ అడగరేమని అన్నాడు. ఇంటికి వస్తే తన చేతిలో శిక్ష తప్పదని తండ్రి ముందే హెచ్చరించాడు. నాలుగు రోజులకు ఇద్దరినీ కలిసిన రష్యా అధ్యక్షుడు పుతిన్, కొడుకును మరీ కఠినంగా శిక్షించొద్దని ఆయనకు చెప్పాల్సి వచ్చింది. మన దగ్గర చాలామంది అభిమానులు ఆ దూకడాన్నే గొప్పగా చెప్పుకుంటారు. అబ్దుల్‌మనాప్ మాత్రం అలా అనుకోలేదు.

అమెరికా వీసా దొరకక ఆ తండ్రి కొడుకు పెద్ద ఫైట్లకు పక్కన ఉండలేకపోయాడు. 2019 సెప్టెంబర్ 7న అబుదాబిలో డస్టిన్ పోయిరేతో జరిగిన ఫైట్‌లోనే యుఎఫ్‌సీలో తొలిసారి కొడుకు కార్నర్‌లో నిలబడ్డాడు. మూడో రౌండ్‌లో పోయిరే మెడ పట్టు కాస్త కంగారు పెట్టినా, ఖబీబ్ దాన్ని విడిపించుకుని వెనక నుంచి గొంతు బిగించి గెలిచాడు. తర్వాత ఇద్దరూ టీ షర్టులు మార్చుకున్నారు. పోయిరే షర్టును అతని సేవా సంస్థ కోసం వేలం వేస్తే లక్ష డాలర్లు వచ్చాయి.

తండ్రీకొడుకులు అలా కలిసి నిలబడిన యుఎఫ్‌సీ ఫైట్ మళ్లీ రాలేదు. గుండె జబ్బు ఉన్న అబ్దుల్‌మనాప్‌కు కరోనా సోకింది. 2020 జూలై 3న మాస్కోలో ఇంతెకాల్ అయ్యారు. వయసు 57.

మూడున్నర నెలలకే, అక్టోబర్ 24న, ఖబీబ్ అబుదాబిలో జస్టిన్ గేచీతో తలపడ్డాడు. కొన్ని వారాల ముందు కాలి వేలు విరిగినా బయటికి చెప్పలేదు. రెండో రౌండ్‌లో ట్రయాంగిల్ చోక్, మొదటి ఫైట్‌లో వేసిన పట్టే. గేచీ అమ్మానాన్నలు చూస్తుండగా చెయ్యి విరిచే పట్టు వేయడం ఇష్టంలేకే ఖబీబ్ దీన్ని ఎంచుకున్నాడని స్నేహితుడు డేనియల్ కార్మియర్ తర్వాత చెప్పాడు. గెలిచాక ఖబీబ్ నేల మీద ముఖం దాచుకుని ఏడ్చాడు. లేచి గ్లోవ్స్ విప్పి బోను మధ్యలో పెట్టాడు. తండ్రి లేకుండా ఆడొద్దని అమ్మ అన్నదని, మూడు రోజులు మాట్లాడి ఇదే ఆఖరిదని ఆమెకు మాటిచ్చానని చెప్పాడు. అప్పటికి వయసు 32, రికార్డు 29-0.

యుఎఫ్‌సీ అధినేత డేనా వైట్ నెలల పాటు మనసు మార్చాలని చూశాడు. ముప్పయ్యో ఫైట్‌కు ఎంత డబ్బు వచ్చేదో ఊహించుకోవచ్చు. ఖబీబ్ కదల్లేదు. 2021 మార్చిలో టైటిల్ అధికారికంగా ఖాళీ అయింది. 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

ఆటను విడిచినా జిమ్‌ను విడవలేదు. తండ్రి దగ్గర తనతో పాటే పెరిగిన ఇస్లామ్ మఖచేవ్‌కు కోచ్‌గా నిలబడ్డాడు. 2022 అక్టోబర్ 22న అబుదాబిలోనే చార్లెస్ ఒలివేరాను ఓడించి ఇస్లామ్ అదే లైట్‌వెయిట్ టైటిల్‌ను దాగెస్తాన్‌కు తెచ్చాడు. తర్వాతి నెలలో బంధువు ఉస్మాన్ నూర్మగొమెదోవ్ మరో సంస్థ బెల్లాటర్‌లో ఛాంపియన్ అయ్యాడు. 2023 జనవరిలో కుటుంబంతో గడపాలని ఖబీబ్ కోచ్ పని నుంచి కూడా పక్కకు తప్పుకున్నాడు, అయినా పెద్ద ఫైట్లకు కార్నర్‌లో కనబడుతూనే ఉన్నాడు.

ముఖం మీద కొట్టే ఆట షరీఅత్ ప్రకారం సరైనదేనా అన్న ప్రశ్న మన ఇళ్లల్లో ఎప్పుడూ వస్తుంది. మక్కాలోని రాబితా ఫిఖ్ కౌన్సిల్ 1987లో బాక్సింగ్‌ను నిషిద్ధమని తేల్చింది. కుస్తీ విషయం వేరు, అవతలివాడికి హాని చేయని కుస్తీకి అదే తీర్మానం అనుమతి ఇచ్చింది. పిల్లల్ని ఎంఎంఏ క్లాసులో చేర్పించే ముందు తెలిసిన ఆలిమ్‌ను, డాక్టర్‌ను ఇద్దరినీ అడగడం మంచిది. ఖబీబ్ అయితే ఎనిమిదేళ్లకు మొదలుపెట్టింది కుస్తీయే. గుద్దులు చాలా ఏళ్ల తర్వాతే వచ్చాయి.